కచేరీ కబుర్లు: డ్రీమ్ థియేటర్ మేళం

మన ఇళ్ళలో ఒక రకం తగాదా ఈమధ్య తరచుగా చెవిని పడుతున్నది. కుర్రవాడు గదిలోకి పోయి తలుపు వేసుకుంటాడు. లోపలినుంచి రేకుల కప్పుమీద వడగళ్ళు పడ్డట్టు మోత మొదలవుతుంది. వంటింట్లోంచి తల్లి, వసారాలోంచి తాతగారు ఒక్కసారే కేకవేస్తారు: "ఏమిట్రా ఆ రొద!" కుర్రవాడు తలుపు తియ్యడు. తీస్తే, "మీకు తెలియదు లెండి" అంటాడు. ఆ పూట భోజనాలు ముభావంగా అయిపోతాయి.

ఇద్దరికీ మధ్యవర్తిత్వం చేసే పెద్దరికం నాకు లేదు. కాని "మీకు తెలియదు" అనే మాట మాత్రం గుచ్చుకునే మాటే. పగలంతా లెడ్జర్లలో తలదూర్చి అంకెలు కూడుకునేవాణ్ణి. తెలియనిది తెలుసుకుంటే పోలేదా అనిపించింది. మా మేనల్లుణ్ణి పిలిచి, ఆ మోతలో కాస్త లెక్క ఉన్నదేదైనా వినిపించరా అన్నాను. "లెక్కే కావాలంటే ఇది విను మామా" అని డ్రీమ్ థియేటర్ అనే అమెరికా మేళాన్ని ముందు పెట్టాడు. వారాల తరబడి రాత్రిళ్ళు విన్నాను. అందులో లెక్క ఉన్న మాట నిజమే. దానితోపాటు మన కచేరీలో పనిచేసే వాళ్ళెవరికైనా నిద్రపట్టనివ్వని ఉద్యోగం కథ ఒకటి ఉన్నది. అది చివర చెబుతాను.

ముందు ఆ మోత సంగతి. దీన్ని మెటల్ అంటారు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ఊరి కార్మికుల పిల్లలు బ్లాక్ సబ్బత్ అనే మేళం కట్టి 1970లో మొదటి రికార్డు ఇచ్చారు. అందులో గిటారు వాయించే టోనీ అయోమీకి రేకుల కార్ఖానాలో పనిచేస్తుండగా కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం గనుక తంత్రులు నొక్కవలసింది ఆ కుడిచేతి వేళ్ళే. నొక్కడానికి నొప్పిగా ఉండి తంత్రులు వదులు చేసుకున్నాడు. తంత్రి వదులైతే శ్రుతి దిగుతుంది, నాదం బరువెక్కుతుంది. మన పిల్లల గదుల్లోంచి వినబడే ఆ బరువు చాలామట్టుకు అక్కడినుంచి వచ్చినదే. అదే కాలంలో ఎస్, జెనెసిస్, కెనడావారి రష్ వంటి మేళాలు ఇంకొక దారి తొక్కాయి. మూడు నిమిషాల పాటను ఇరవై నిమిషాలకు పెంచి, మధ్యలో తాళాలు మార్చి, కథలు చెప్పసాగాయి. ఆ రెంటికీ పెళ్ళి చేస్తే పుట్టిన బిడ్డ ప్రోగ్రెసివ్ మెటల్. పెళ్ళి చేసినవారు ఇతరులు కూడా ఉన్నారు గాని, బిడ్డను బడికి పంపి పెద్ద చేసినవారు డ్రీమ్ థియేటర్ వారే అని నా ఉద్దేశం.

1985లో బోస్టన్ నగరంలోని బర్క్‌లీ సంగీత కళాశాలలో ముగ్గురు పద్ధెనిమిదేళ్ళ కుర్రవాళ్ళు కలుసుకున్నారు. జాన్ పెట్రూచీ గిటారు వాయిస్తాడు. జాన్ మ్యుంగ్ కొరియా సంతతివాడు, ఐదో ఏట వయొలిన్ పట్టి తరువాత బేస్ గిటారుకు మారాడు. వీరిద్దరూ న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలెండులో చిన్ననాటి స్నేహితులు. మూడోవాడు డ్రమ్ములు వాయించే మైక్ పోర్ట్‌నాయ్. రష్ వారి కచేరీ టిక్కెట్ల కోసం వరుసలో నిలబడి ఉండగా వారి పాట ఒకటి విని, దాని ముగింపు రాజసంగా ఉన్నదని పోర్ట్‌నాయ్ అన్నాడట. అంతే, మేళానికి మెజెస్టీ అని పేరు పెట్టేశారు. లాస్ వేగాస్‌లో ఆ పేరుతో వేరే మేళం ఉండి అభ్యంతరం చెప్పడంతో కొత్త పేరు వెతుక్కోవలసి వచ్చింది. పోర్ట్‌నాయ్ తండ్రి కాలిఫోర్నియాలో మాంటెరే అనే ఊళ్ళో ఉన్న ఒక సినిమాహాలు పేరు గుర్తుచేశాడు. అదే డ్రీమ్ థియేటర్. పాత పేరుమీద మమకారం పోక, దాని అక్షరాలు వెనకనుంచి ముందుకు తిప్పి "ఇట్సె జామ్" అని ఒక వాద్యగతికి పేరు పెట్టుకున్నారు.

చదువు పూర్తి చెయ్యకుండానే ముగ్గురూ కళాశాల మానేశారు. ఈ సంగతి మనస్సులో ఉంచుకోండి, తరువాత పనికొస్తుంది.

మొదటి ఆల్బం 1989లో వచ్చింది. పెద్దగా అమ్ముడుపోలేదు. పాడే అతను సరిపడలేదని మార్చదలచుకున్నారు. కొత్త గాయకుడికోసం రెండేళ్ళు వెతికారు. దేశం నలుమూలలనుంచీ టేపులు తెప్పించుకుని విని, చివరికి కెనడానుంచి జేమ్స్ లబ్రీ అనే అతన్ని తీసుకున్నారు. ఈ లోపల పాటలు కట్టుకుంటూనే ఉన్నారు. ఆ ఓపిక ఫలించి 1992లో "ఇమేజెస్ అండ్ వర్డ్స్" అనే ఆల్బం వచ్చింది. అందులో షేక్స్‌పియర్ హేమ్లెట్ నాటకం నీడలో కట్టిన ఎనిమిది నిమిషాల పాట, "పుల్ మీ అండర్", రేడియోలో మోగిపోయింది. తరువాత ఎప్పుడూ వారి పాట రేడియోలో అంతగా మోగలేదు. ఆ సంగతి వారికీ తెలుసు. 2008లో తమ పాటలు ఏర్చికూర్చి వేసిన సంపుటానికి "గ్రేటెస్ట్ హిట్" అని ఏకవచనంలో పేరు పెట్టుకున్నారు. పక్కన "మరి ఇరవై ఒక్క మంచి పాటలు" అనే అర్థం వచ్చే తోక తగిలించారు. తమమీద తాము నవ్వుకోగలిగినవారిమీద నాకు గౌరవం.

ఇక లెక్క. మామూలు పాశ్చాత్యపు పాట నాలుగు దెబ్బల నడక, మన చతురశ్రం వంటిది. వీరు నాలుగుమీద కుదురుగా నిలవరు. ఐదుకు పోతారు, ఏడుకు పోతారు, తొమ్మిదికి పోతారు. ఐదూ ఏడూ తెల్లవారికి వింత గాని, ఖండచాపూ మిశ్రచాపూ విని పెరిగిన చెవికి వింతేమున్నది? "తకిట తకధిమి" అని తొడమీద వేసుకుంటే ఏడు లెక్క దొరికిపోతుంది. వారు మన దగ్గర నేర్చుకున్నారని చెప్పడంలేదు సుమండీ. వారి లెక్క వారిదే. మనకు అందే వీలున్నది, అంతవరకే నా మాట.

అయితే ఒక తేడా ఉన్నది. మన కీర్తన ఏ తాళంలో ఎత్తుకుంటే ఆ తాళంలోనే ముగుస్తుంది, తాళమాలికలు అరుదు. వీరి పాటలో తాళం ఒక చోట ఉండదు. 1999లో వేసిన "ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ" అనే వాద్యగతి ఆరు నిమిషాల చిల్లర. అందులో తాళం వందసార్లకు పైగా మారుతుంది. నేను భాగించి చూశాను: ఒక లెక్క నాలుగు సెకన్లయినా నిలవదు. నలుగురు మనుషులు నాలుగు వాద్యాలతో ఒకే క్షణంలో ఒకే మలుపు తిరుగుతారు. మధ్యలో ఉన్నట్టుండి పాతకాలపు అమెరికా హోటలు పియానో వినిపించి మాయమవుతుంది. మొదటిసారి విన్నప్పుడు సామాన్లు నిండిన బీరువా మెట్లమీదనుంచి దొర్లినట్టు ఉంటుంది. ఐదోసారికి ఏ గిన్నె ఎప్పుడు పడుతుందో తెలుస్తుంది. పదోసారికి అవి గిన్నెలు కావని తెలుస్తుంది.

ఆ పియానో వాయించినది జోర్డన్ రూడెస్. తొమ్మిదో ఏటనే న్యూయార్కు జూలియార్డ్ సంగీత పాఠశాలలో చేరిన విద్వాంసుడు. 1999లో మేళంలోకి వచ్చాడు. అతనికి ముందు ఇద్దరు ఆ పీటమీద కూర్చుని వెళ్ళారు.

ఆయన వచ్చిన ఏటి ఆల్బం పేరు "సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ". డెబ్భై ఏడు నిమిషాల ఒకే కథ. నికొలస్ అనేవాడు హిప్నాటిజం వైద్యుడి దగ్గర పడుకుని తన పూర్వజన్మ చూస్తాడు. ఆ జన్మలో తాను విక్టోరియా అనే అమ్మాయి. 1928లో హత్య అయింది. ఆమెను ప్రేమించినవారు ఇద్దరు అన్నదమ్ములు. హంతకుడెవరన్నదే కథ, చివరకు ఆ వైద్యుడిమీదకే అనుమానం మళ్ళుతుంది. 1964లో "మూగమనసులు" చూసి కళ్ళు తుడుచుకున్న మన పెద్దవాళ్ళకు పునర్జన్మ కథ ఒకరు చెప్పాలా? ఈ ఆల్బం వెనక తమాషా మరొకటి. 1992లో వారు ఒక పాటకు సరదాకి "మొదటి భాగం" అని తగిలించారు. రెండో భాగం వ్రాసే ఉద్దేశమే లేదు. అభిమానులు ఏడేళ్ళు ఏదీ ఏదీ అని అడిగి అడిగి దీన్ని వ్రాయించుకున్నారు.

దానికి ముందు గడ్డుకాలం నడిచింది. 1994 డిసెంబరులో లబ్రీ క్యూబాలో ఏదో తిని, అది వికటించి, వాంతుల ధాటికి గొంతులో స్వరతంత్రులు చిట్లిపోయాయి. చాలాకాలం గొంతు విప్పవద్దని వైద్యులు చెప్పారు. కొద్ది వారాలకే జపాను యాత్ర. వెళ్ళి పాడాడు. గొంతు పూర్వపు స్థితికి రావడానికి ఏళ్ళు పట్టింది. జబ్బుసెలవు పెట్టలేని ఉద్యోగాలు అక్కడా ఉన్నాయన్న మాట. 1997లో రికార్డుల కంపెనీవారు రేడియోలో ఆడే పాటలు కావాలని పట్టుబట్టి, ఒక పాటను బయటివాడిచేత తిరగవ్రాయించారు. మేళం విడిపోయేదాకా వచ్చింది. తరువాతి ఆల్బంలో ఎవరూ వేలు పెట్టకూడదని షరతు పెట్టుకున్నారు. ఆ షరతు ఫలమే పైన చెప్పిన పునర్జన్మ కథ.

మెటల్ పాట అంటే అరుపులూ తాగుడూ అనే అభిప్రాయం మనలో ఉన్నది. పోర్ట్‌నాయ్ నిజంగానే తాగేవాడు. 2000లో మానేశాడు. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అనే సంఘం ఉన్నది కదా, మన ఊళ్ళలో కూడా దాని సమావేశాలు జరుగుతాయి. ఆ సంఘంవారు తాగుడు మానడానికి పన్నెండు మెట్లు చెబుతారు. అతను ఆ పన్నెండు మెట్లనూ ఐదు పాటలుగా కట్టి, 2002 మొదలు 2009 వరకు వచ్చిన ఐదు ఆల్బాలలో ఒక్కొక్కటి చొప్పున పెట్టాడు. ఒక పాటలోని బాణీ తరువాతి పాటలో తొంగిచూస్తుంది. అన్నీ కలిపితే గంటకు దగ్గర. తండ్రి తాగుడుతో చితికిపోయిన కొంపలు నేను చూశాను. ఆ ఐదు పాటలలో కోపమూ సిగ్గూ వంతులవారీగా రావడం వింటే, ఈ మోత ఎందుకు అవసరమైందో నాకు బోధపడింది. ఆ సంగతి వీణమీద చెప్పలేరు.

ఆ కాలంలోనే ఇంకొక చమత్కారం చేశారు. ఒక ఆల్బం ఏ ధ్వనితో ముగుస్తుందో తరువాతిది ఆ ధ్వనితో మొదలవుతుంది. మన పద్యాల్లో ముక్తపదగ్రస్తం ఉన్నది చూడండి, అట్లా. 2005లో వచ్చిన "ఆక్టవేరియమ్" వారి ఎనిమిదో ఆల్బం, అందులో ఎనిమిది పాటలు, ఒక్కొక్క పాటా ఒక్కొక్క స్వరం ఎక్కుతూ పోయి, ఎనిమిదోది మళ్ళీ మొదటి స్వరాన్నే పైస్థాయిలో అందుకుంటుంది. ముగిసిన ధ్వనితోనే ఆల్బం మొదలయింది గనుక గొలుసు అక్కడితో పూర్తి. ఇంత శ్రద్ధగా దస్త్రం సర్దేవాళ్ళను మా కచేరీలో నేను చూడలేదు.

అన్నీ మెచ్చుకోనక్కరలేదు. లబ్రీ పైస్థాయికి పోయినప్పుడు నాకు కొంచెం కష్టంగా ఉంటుంది. 2016లో వేసిన "ది ఆస్టానిషింగ్" రెండు గంటల పది నిమిషాలు, ముప్ఫై నాలుగు ముక్కలు; రాజులూ రాజ్యాలూ ఉన్న కథ. హరికథ కూడా అంతసేపు వింటాం గదా అంటారేమో. దాసుగారు మధ్యలో పిట్టకథ చెప్పి నవ్విస్తారు. ఇందులో నవ్వు లేదు.

ఇప్పుడు నేను చెబుతానన్న ఉద్యోగం కథ.

పాతికేళ్ళు, పది ఆల్బాలు. 2009లో వచ్చిన పదోది అమెరికా అమ్మకాల పట్టీలో ఆరో స్థానంలోకి వచ్చింది. మరుసటేడు పోర్ట్‌నాయ్ వేరే మేళానికి సాయంగా వాయించి వచ్చి, మనం కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుందాం అన్నాడు. తక్కినవారు వద్దన్నారు. 2010 సెప్టెంబరులో అతను బయటికి వెళ్ళిపోయాడు. తాను కట్టిన ఇంట్లోంచి, తన తండ్రి పేరు పెట్టిన ఇంట్లోంచి. తరువాత కొద్దికాలానికే మనసు మారి తిరిగివస్తానంటే, అప్పటికి ఇక్కడివారు కొత్త మనిషిని తీసేసుకున్నారు. ఇవతలివారికీ అవతలివారికీ మాటలు పోయాయి. చిన్ననాటి ముగ్గురి భార్యలూ ఒకప్పుడు మీన్‌స్ట్రీక్ అనే ఆడవాళ్ళ మెటల్ మేళంలో కలిసి వాయించినవారు. అంత దగ్గరి కుటుంబాల మధ్య చీలిక ఇది.

కొత్త మనిషిని ఎట్లా తీసుకున్నారంటే, పరీక్ష పెట్టారు. 2010 అక్టోబరులో న్యూయార్కుకు ఏడుగురు పేరుపొందిన డ్రమ్ము విద్వాంసులను పిలిచి, తమ పాటలు వాయించమన్నారు. నెగ్గినది మైక్ మాంజీనీ. నలభై ఏడేళ్ళవాడు. కర్రలు వేగంగా ఆడించే పోటీలలో రికార్డులు కొట్టినవాడు. అప్పటికి అతని ఉద్యోగం? బర్క్‌లీ కళాశాలలో అధ్యాపకుడు. ముగ్గురు విద్యార్థులు మధ్యలో వదిలేసి వచ్చిన కళాశాలనే, వారి మేళంలో చేరడానికి ఆ ఉపాధ్యాయుడు వదిలేసి వచ్చాడు. స్థిరమైన ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడమంటే ఏమిటో నలభై దాటిన మనకు చెప్పనక్కరలేదు.

అతని మొదటి ఆల్బంలో, 2011లో, డ్రమ్ముల వరుస పెట్రూచీ ముందే యంత్రంమీద అల్లి ఉంచాడు. ఇతను దాన్ని తన చేతికి తెచ్చుకుని వాయించాడు. పాతవాడి పాటలు వాయించేటప్పుడు పాతవాడి దెబ్బలు తప్పకూడదు, తనవి కలపకూడదు. శ్రోతల్లో సగంమంది చేతులు కట్టుకుని కూర్చుని, ఎక్కడ తప్పుతాడా అని చూస్తుంటారు. రిటైరైన హెడ్డుగుమాస్తా కుర్చీలో కూర్చున్నవాడికి ఈ బాధ తెలుసు. వచ్చిన ప్రతివాడూ "ఆయన ఉన్నప్పుడు ఇట్లా ఉండేది కాదండీ" అంటాడు. మాంజీనీ పదమూడేళ్ళు ఆ మాట విన్నాడు. ఐదు ఆల్బాలు వాయించాడు. చివరిదానిలోని "ది ఏలియన్" అనే పాటకు 2022 ఏప్రిలులో గ్రామీ బహుమతి వచ్చింది. అంతవరకు ఆ మేళానికి ఆ బహుమతి రాలేదు. పోర్ట్‌నాయ్ కాలంలో రానిది ఇతని కాలంలో వచ్చింది.

ఈ లోపల పాత స్నేహాలు కరిగాయి. 2020లో పెట్రూచీ విడిగా వేసిన ఆల్బంలో పోర్ట్‌నాయ్ వాయించాడు. 2022లో న్యూయార్కు కచేరీకి వచ్చి లబ్రీని కలుసుకున్నాడు. పదేళ్ళకు పైగా మాటలు లేని ఇద్దరు మాట్లాడుకున్నారు. 2023 అక్టోబరు 25న పోర్ట్‌నాయ్ తిరిగివచ్చాడని ప్రకటించారు. లోకమంతా పండగ చేసుకున్నది. మా మేనల్లుడు ఆ రాత్రి ఫోనుచేసి, "వచ్చేశాడు మామా, వచ్చేశాడు!" అని అరిచాడు.

"మరి ఆ రెండోవాడు?" అన్నాను.

"ఎవరు?" అన్నాడు.

నేను వెతికి చదివాను. మాంజీనీ ఆ రోజున ఒక ప్రకటన ఇచ్చాడు. ఈ నిర్ణయం తనకు అర్థమవుతున్నదని, పోర్ట్‌నాయ్ మేళంలో చేసిన పనులన్నీ చెయ్యడం మొదటినుంచీ తన వంతు కాదని, మేళం ఆగిపోకుండా డ్రమ్ములు వాయించడమే తన పని అని, గ్రామీ రావడం గొప్ప సంగతి అని అందులో చెప్పుకున్నాడు. నిష్ఠూరం ఒక్క ముక్క లేదు. లోపల ఏమున్నదో మనకు తెలియదు, కాగితంమీద లేదు. ఛార్జి అప్పగించేటప్పుడు ఇట్లాంటి కాగితం వ్రాయగలిగినవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణి చూశాను. ఆయన బల్ల సొరుగు తాళంచెవితోబాటు, పెండింగు ఫైళ్ళ జాబితా చక్కగా వ్రాసి పెట్టి వెళ్ళాడు.

పాతవారు ఐదుగురూ కలిసి 2024 అక్టోబరులో లండనులో నలభయ్యో ఏటి యాత్ర మొదలుపెట్టారు. 2025 ఫిబ్రవరిలో "పారాసోమ్నియా" అనే పదహారో ఆల్బం వచ్చింది. నిద్రలో కలిగే జబ్బుల గురించిన పాటలు. బాగున్నది. డ్రమ్ములు వాయిస్తున్నది ఎవరో రెండు నిమిషాల్లో పోల్చుకోవచ్చు. పోర్ట్‌నాయ్ దెబ్బలో ఒక మొండితనం ఉంటుంది, మాంజీనీ దెబ్బ గీత గీసినట్టు ఉంటుంది.

వినదలచిన అమ్మలకూ అయ్యలకూ ఒక మాట. "డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ"తో మొదలుపెట్టి నన్ను తిట్టుకోవద్దు. "ది స్పిరిట్ కేరీస్ ఆన్" అని పునర్జన్మ కథలోనే ఒక నెమ్మదైన పాట ఉన్నది, చనిపోయాక ఏమవుతామన్న ప్రశ్న దాని విషయం. ముందు అది వినండి, కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని. తరువాత "పుల్ మీ అండర్". అది చివర ఉన్నట్టుండి తెగిపోతుంది. యంత్రం చెడిపోయిందని కంగారుపడకండి, పాటే అంత.